"ఇప్పుడే వెయ్యకపోతే సీటు రాదంట, నిజమేనా మేడం?"

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారమే ఇది మొదలవుతుంది. మెట్రో పిల్లర్ల మీద, ఆటోల వెనకాల, చివరికి మా బడి ఎదురుగా ఉన్న పాల కొట్టు షట్టర్ మీద కూడా 'అడ్మిషన్స్ ఓపెన్'. ఈసారి అందరికన్నా ముందు వచ్చింది మా ఒకటో తరగతి పాప వాళ్ళమ్మ. యూసుఫ్‌గూడ వైపు రెండిళ్ళల్లో వంట చేస్తుంది, భర్త కారు డ్రైవర్. చేతిలో మెరిసే బ్రోచర్.

"మేడం, శనివారం లోపు కడితే అడ్మిషన్ ఫీజు సగమే అంట. ఇప్పుడు వెయ్యకపోతే మళ్ళ సీటు రాదంట. పెద్దగైనంక వేస్తే అందుకోలేరంట. నిజమేనా?"

ఏటా ఈ మూడు 'అంట'లకి జవాబు చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నా. ఎనిమిదేళ్ళు ప్రైవేటు స్కూళ్ళల్లో చెప్పాను. డీఎస్సీ రాసి సర్కారు బడిలో చిన్న తరగతుల టీచర్ (ఎస్జీటీ) అయ్యి పదేళ్ళు దాటింది. రెండు వైపుల అన్నమూ తిన్నదాన్ని.

అపోహ: చిన్నప్పుడే ప్రైవేటులో వెయ్యకపోతే తర్వాత సీటు దొరకదు, పిల్లలు అందుకోలేరు.

వాస్తవం: నేను ప్రైవేటులో ఉన్నప్పుడు 'సీట్లు అయిపోతున్నాయి' అని చెప్పమని మాకు చెప్పేవాళ్ళు. సీట్లు నిండుతుంటే టీచర్లకి టార్గెట్ ఎందుకు పెడతారు? మే నెల ఎండలో నేనూ ఇంకో టీచరూ బోరబండ గల్లీలన్నీ తిరిగి ఇంటింటికీ పాంప్లెట్లు పంచాం. ఒక్కొక్కరు పదిమందిని తేవాలి. నేను నలుగురిని తెచ్చాను, ఆ నెల జీతం పన్నెండు రోజులు ఆలస్యంగా ఇచ్చారు. ఐదో తరగతి అయ్యాక చాలామంది స్కూలు మారతారు కాబట్టి ఆరో తరగతిలో ఎలాగూ ఖాళీలు వస్తాయి. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరులోనే కొత్త సెక్షన్లు తెరిచేవాళ్ళూ ఉన్నారు. నర్సరీలోనో ఒకటిలోనో నింపేసుకుని, తర్వాత ఒకటీ అరా తప్ప తీసుకోని పేరున్న స్కూళ్ళు నగరంలో కొన్ని ఉన్నమాట నిజమే. వాటి ఫీజు కట్టగలిగినవాళ్ళు సలహా కోసం నా దగ్గరికి రారు.

అసలు నష్టం సీటు దగ్గర కాదు, డబ్బు అయిపోయే దగ్గర. ఆ బ్రోచర్ వెనకే పెన్నుతో లెక్క వేసి చూపించాను. ఎల్‌కేజీకి 60 వేలు అనుకుందాం. ఏటా పదిశాతం పెంచితే ఒకటో తరగతికి 72,600. ఐదుకి లక్షా ఆరు వేలు. ఏడుకి లక్షా 28 వేలు. పదికి లక్షా 71 వేలు. మొత్తం పన్నెండేళ్ళకి 12 లక్షల 83 వేలు. బస్సు, పుస్తకాలు, యూనిఫాం, యాన్యువల్ డే డ్రెస్సు దీనికి అదనం. ఇద్దరు పిల్లలుంటే చెప్పక్కర్లేదు. చాలామంది తల్లిదండ్రులు ఎల్‌కేజీ ఫీజు చూసి 'ఎట్లనో కట్టుకుందాం' అనుకుంటారు. ఆ 'ఎట్లనో' నాలుగో తరగతి దగ్గర ఆగిపోతుంది. అప్పటికి నాలుగు లక్షల అరవై వేలు పోయి ఉంటాయి. దేనికి? అఆలు, ఏబీసీడీలు, వందలోపు కూడికలు, రెండు యాన్యువల్ డే డాన్సులు. సబ్జెక్టులు బరువెక్కి, మంచి సైన్స్ టీచరో ల్యాబో నిజంగా అవసరపడే ఆరు, ఏడు తరగతులకి చేతిలో పైసా ఉండదు. ముందే పోసేసిన నూనె లాంటిదిది, తాలింపు వేళకి సీసా ఖాళీ.

ఆ తర్వాత జరిగేది ఇంకా బాధ. మూడేళ్ళ కింద ఒక ఆటో నడిపే ఆయన కొడుకు ఆగస్టులో మా దగ్గరికి వచ్చాడు. ఐదో తరగతి. జూన్ 12న బళ్ళు తెరిస్తే ఆగస్టు దాకా ఎక్కడున్నావురా అంటే 'ఇంట్ల' అన్నాడు. 38 వేలు బాకీ ఉందని పాత స్కూలువాళ్ళు టీసీ ఇవ్వలేదు. టీసీ లేకుండా ఏ బడీ చేర్చుకోదని ఎవరో చెప్పారు, ఈయన నమ్మాడు. బాకీ తీర్చడానికి రాత్రిళ్ళు కూడా ఆటో తిప్పాడు. రెండున్నర నెలలు పిల్లాడు ఇంట్లో చెల్లెలిని ఆడిస్తూ కూర్చున్నాడు.

ఇది మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చదవండి. సర్కారు బడికి మారతామంటే హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైందని కొత్త బడి పిల్లాడిని ఆపకూడదు. ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. మేం అతన్ని ఆ రోజే కూర్చోబెట్టాం. మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రానికి తెలుగు, ఇంగ్లిష్, లెక్కల పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్ళాడు. తంటా అంతా యూడైస్ దగ్గర, అంటే బడి పిల్లల వివరాలుండే సర్కారు ఆన్‌లైన్ రికార్డు దగ్గర వచ్చింది. పాత స్కూలు ఆన్‌లైన్‌లో పేరు వదిలితే తప్ప మా దాంట్లోకి లాగలేం. అది మా హెడ్‌మాస్టరూ నేనూ విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని, ఆ తండ్రి పడాల్సిన టెన్షన్ కాదు. ఆ రికార్డులో పిల్లాడికి ఉండే పెన్ నంబర్ రాలేదని ఎవరైనా పిల్లాడిని వెనక్కి పంపితే ఊరుకోకండి.

ఇక 'అందుకోలేరు' అనే మాట. రెండో తరగతి దాకా ప్రైవేటులో చదివి, మూడులో మా దగ్గర చేరిన ఒక పాప ఇంగ్లిష్ పాఠం గడగడా చదివింది. పక్కనే నిలబడ్డ వాళ్ళ నాన్న మొహం వెలిగిపోయింది. నేను మూడో లైను మధ్యలో 'బాస్కెట్' అన్న మాట మీద వేలు పెట్టి ఇది చదువమ్మా అన్నాను. పాప పేజీ మొదటికి వెళ్ళి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటనీ వేలితో దాటుకుంటూ అక్కడికి వచ్చి 'బాస్కెట్' అంది. అదే మాట బోర్డు మీద విడిగా రాస్తే తెలియదు. తెలుగులో 'పలక' అని రాస్తే ప, ల, క అని విడివిడిగా పలికి, కలపలేక నా మొహం చూసింది. చేతిరాత మాత్రం ముత్యాలే. కర్సివ్‌లో పేజీలకి పేజీలు దించేసింది మరి. ఆ పాపది తప్పేం లేదు. చదవడం నేర్పలేదు, చదివినట్టు కనపడడం నేర్పారు.

మా బడుల్లో ఇలాంటి పిల్లలు లేరని కాదు, బోలెడుమంది ఉన్నారు. అందుకే 2022లో తొలిమెట్టు అనే కార్యక్రమం పెట్టి ఒకటి నుంచి ఐదు దాకా చదవడం, లెక్కలు మళ్ళీ మొదట్నుంచీ పట్టుకున్నాం. నేను చెప్పేది ఒకటే. ఒక భాషలో అక్షరాలు కలిపి, అర్థం చేసుకుని చదవడం వచ్చిన పిల్లలు ఆరో తరగతిలో ఎక్కడికి మారినా నాలుగైదు నెలల్లో సర్దుకుంటారు. అది రాని పిల్లలు నర్సరీ నుంచీ అక్కడే ఉన్నా వెనకబడే ఉంటారు.

'మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు మేడం?' ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, పిల్లల్ని బడిలో చేర్పించమని ఇంటింటికీ తిరిగే ప్రతి బడిబాటలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దవాడిని ఎల్‌కేజీ నుంచే ప్రైవేటులో వేశాం. నేనూ భయపడ్డాను, మా అత్తగారు పట్టుబట్టారు, అప్పట్లో నా మాట నాకే నమ్మకం లేదు. చిన్నవాడు ఐదు దాకా నాతోపాటే మా బడికి వచ్చి, ఆరులో వాళ్ళన్న స్కూల్లో చేరాడు. మొదటి పరీక్షలో సోషల్‌లో ఇరవైకి ఆరు వచ్చాయి. ఇంగ్లిష్‌లో జవాబు రాయడం అలవాటు లేక ఒక రాత్రి ఏడ్చాడు కూడా. దసరా సెలవుల్లో కూర్చోబెట్టాను. సంక్రాంతికి పదిహేను. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, అన్నదమ్ములిద్దరిలో ఎవరు ఎప్పుడు చేరారో వాళ్ళ టీచర్లకి గుర్తు కూడా లేదు.

అయినా సరే, చిన్నప్పుడే మార్చడం సరైన పని అయ్యే సందర్భాలు ఉంటాయి. మీ బస్తీ బడిలో ఐదు తరగతులకి ఒక్కరో ఇద్దరో టీచర్లుంటే, వాళ్ళలో ఒకరు ఎప్పుడూ బడి బయటి డ్యూటీలో ఉంటే, నేను మాత్రం ఎలా ఆపను? 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేకి మమ్మల్ని పంపినప్పుడు ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. ఆ నెలలో మార్చేస్తానన్న తల్లులతో నేను వాదించలేదు. అమ్మానాన్నా ఇద్దరూ సాయంత్రం ఆరు దాకా పనిలో ఉండి, పిల్లని చూసే దిక్కు లేకపోయినా అంతే. పదో తరగతి దాకా లెక్క వేసుకుని కట్టగలం అనుకుంటే నిశ్చింతగా వేసుకోండి. అప్పు చేసి మాత్రం ఎల్‌కేజీలో వెయ్యొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

'సర్కారు బడి అంటే తెలుగు మీడియమే.' ఎప్పటి మాట ఇది! 2022-23 నుంచే ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం ఉంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు.

'సీబీఎస్ఈలో వేస్తే తెలుగు బాధ ఉండదు.' ఉంటుంది. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు స్కూలైనా తెలుగు చెప్పాల్సిందే. అది బాధ ఎందుకైందో నాకు అర్థం కాదు, వదిలేయండి.

'రెండున్నరేళ్ళకే వేస్తే ఒక ఏడాది కలిసొస్తుంది.' కలిసిరాదు. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంటుంది, కేంద్రీయ విద్యాలయాలు ఇప్పటికే ఆ లెక్కనే తీసుకుంటున్నాయి. వేళ్ళకి బలం రాకముందే పెన్సిల్ పట్టిస్తే పిడికిలితో పట్టుకోవడం అలవాటవుతుంది. దాన్ని మాన్పించడానికి మాకు రెండేళ్ళు పడుతుంది.

'ఒకటో తరగతికి ఎంట్రన్స్ ఉంటుంది, కోచింగ్ ఇప్పించాలి.' ఒకటో తరగతి పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షో ఇంటర్వ్యూనో పెట్టడం అదే విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. మొదటిసారికి 25 వేల దాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే, తీసుకున్న డబ్బుకి పదింతల దాకా.

వేద్దామనే తేల్చుకున్నవాళ్ళు స్కూలుకి వెళ్ళినప్పుడు ఏసీ రూమూ స్విమ్మింగ్ పూలూ తర్వాత చూడండి. ముందు గత మూడేళ్ళ ఫీజు రసీదులు అక్కడ చదివే ఎవరి దగ్గరైనా అడిగి చూడండి. ఆ భవనానికి గుర్తింపు ఉందో లేదో, ఉంటే ఏ తరగతి దాకా ఉందో కాగితం చూపించమనండి. కొన్ని బ్రాంచీలకి గుర్తింపే ఉండదు, పదో తరగతికి వచ్చాక పిల్లలు వేరే స్కూలు పేరుమీద పరీక్ష రాయాల్సి వస్తుంది. 'సీబీఎస్ఈ ప్యాటర్న్' అని రాసి ఉంటే అది సీబీఎస్ఈ కాదు. రెండో తరగతి టీచర్ ఎన్నేళ్ళుగా అక్కడ ఉన్నారో అడగండి. నేను ప్రైవేటులో ఉన్నప్పుడు మా టీచర్లు ఏటా మారిపోయేవాళ్ళు, నేనే ఎనిమిదేళ్ళలో మూడు స్కూళ్ళు మారాను.

ఆ పాప వాళ్ళమ్మ బ్రోచర్ మడిచి జాకెట్‌లో పెట్టుకుని వెళ్ళింది, ఇంట్లో చూపిస్తానని. శనివారం దాటిపోయింది. సోమవారం పాపని దింపడానికి వచ్చి ఫోన్ నా చేతికిచ్చింది. ఆ స్కూలు నుంచి వాట్సాప్: 'మీ కోరిక మేరకు ఆఫర్ నెలాఖరు దాకా పొడిగించబడింది. కొన్ని సీట్లు మాత్రమే.'

"నేనైతే ఏం కోరలేదు మేడం" అంది.