మోటార్ వేయకుండా బోర్ నీళ్ళు ఎట్ల పరీక్షిస్తారు?

చిన్నీకి, బాబుకి, ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ,

మొన్న ఫోన్లో చిన్నీ అడిగింది. తాతా, మా స్కూల్ బోర్ నీళ్ళు టెస్టుకి పట్టేటప్పుడు మోటార్ చానాసేపు ఆడించి తర్వాత సీసా నింపినారు, వీడియోలో అమెరికావాళ్ళు మాత్రం బోర్లోకి ప్లాస్టిక్ సంచి దించి పైకి లాగినారు అంతే, ఎవరిది కరెక్టు అని. మంచి ప్రశ్న అమ్మా.

అనంతపురంలో మన పాత మిద్దె గుర్తుందా? కింద గదిలో ఎదురెదురుగా రెండు కిటికీలు, పైన అటక. అటకకి కిటికీ లేదు కాబట్టి గాలి అక్కడే నిలిచిపోయి పాత గోనెసంచుల వాసనొస్తుంది, కింద మాత్రం ఒక కిటికీలో వచ్చిన గాలి ఇంకో కిటికీలో పోతానే ఉంటుంది. చిన్నప్పుడు నేను ఆ కిటికీ కిందే చాప వేసుకుని పండుకునేవాణ్ణి, పక్కింట్లో పచ్చి శెనక్కాయలు ఉడకేస్తే ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయేది, గిన్నె పట్టుకుని పోయేవాణ్ణి, ఆ అవ్వ ఒక్కరోజు కూడా లేదనలేదు, ఉన్నదాంట్లో పక్కోళ్ళకి పెట్టే గుణం మీకూ రావాల. సరే, బయట గాలి ఎట్లుందో తెలియాలంటే ఇల్లంతా ఖాళీ చేయాల్నా, కిటికీ దగ్గర కూర్చుంటే చాలదా?

నీళ్ళు పరీక్షించడానికే వేసే బోర్లు కొన్ని ఉంటాయి. వాటిలో పైన మూసిన కేసింగ్ పైపు, అక్కడ నీళ్ళు కదలవు, అది అటక. కింద సన్నని గాట్లున్న పైపు, భూమిలో నీళ్ళు ఒకపక్క నుంచి వచ్చి ఇంకోపక్కకి మెల్లగా పోతుంటాయి, అది కిటికీల గది. పాత పద్ధతిలో నిలిచిన నీళ్ళకి మూడింతలు తోడి పారబోస్తారు. ఆరున్నర అంగుళాల బోర్లో మీటరుకు 21 లీటర్లు పడతాయి, 50 మీటర్ల నీళ్ళుంటే 3,000 లీటర్లకు పైనే వృథా, అదీ మన కరువు జిల్లాలో! ఆ నీళ్ళలో విషముంటే కాలవలో వదలకూడదు కూడా. గట్టిగా తోడితే గదిలో పరిగెత్తినప్పుడు దుమ్ము లేచినట్టు అడుగు మట్టి లేస్తుంది.

అందుకే చదునుగా మడిచిన సంచి ఆ కిటికీల దగ్గరికి దించి, నీళ్ళు సద్దుమణిగేదాకా వదిలేస్తారు. పైకి లాగేటప్పుడు అది నోరు తెరిచి ఆ లోతు నీళ్ళనే నింపుకుని మూసుకుంటుంది. ఇంకో రకం నాకు భలే వింత. శుభ్రమైన నీళ్ళు నింపి సీల్ చేసిన పాలిథీన్ సంచిని రెండు వారాలు బోర్లో వేలాడదీస్తే, బెంజీన్ లాంటి పెట్రోల్ రసాయనాలు ప్లాస్టిక్ గుండానే లోపలికి చేరి బయటెంతో లోపలంత అవుతాయి! దీనిమీద 2001లో అమెరికా జియలాజికల్ సర్వే గైడ్ కూడా వేసింది. మన బాధ ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అది మాత్రం ఆ ప్లాస్టిక్ దాటి లోపలికి పోదు, దానికి మొదటి సంచే కావాల.

మీ స్కూల్ బోర్ రోజూ ఆడేది, మోటార్ ఆడించి పట్టినవాళ్ళూ సరిగానే చేసినారు. సంచి పద్ధతి ఎవరూ తోడని బోర్లకి, అదీ కింద నీళ్ళు నిజంగా కదులుతుంటేనే. మన రాతినేలలో నీళ్ళు బండ పగుళ్ళలోంచి వస్తాయి, ఏ పగులు ఎంత లోతులో ఉందో తెలియకుండా సంచి దించితే లాభం లేదు.

రేపు పొద్దున్నే స్కూల్లో మోటార్ వేయగానే వచ్చే నీళ్ళు ఒక గాజు గ్లాసులో, పది నిమిషాలయినాక ఇంకో గ్లాసులో పట్టి పక్కపక్కన పెట్టి చూడండి, వాసన చూడండి, తాగొద్దు. ఫ్లోరైడ్ కంటికీ ముక్కుకీ తెలీదు, దానికి ల్యాబే దిక్కు. మూతలేని బోర్ల దగ్గరికి మాత్రం పోవద్దు, యాడన్నా కనపడితే వెంటనే నాన్నకి చెప్పండి.

మీ తాత