బడులు మూతపడ్డాక బిగిసిన ఒళ్లు: అపోహలు, వాస్తవాలు

అపోహ: పోయింది ఆటల పీరియడ్ ఒక్కటే.
వాస్తవం: 2020లో బడులు మూతపడ్డప్పుడు బడికి నడక, మెట్లెక్కడం, ఇంటర్వెల్ పరుగులు అన్నీ ఆగాయి. 5–17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చాలామందికి అందులో మంచి వాటా బడి వల్లే దక్కేది.

అపోహ: పిల్లల ఒళ్లు రబ్బరులాంటిది, బిగుసుకోదు.
వాస్తవం: బిగుసుకుంటుంది. గంటల తరబడి మోకాళ్లు మడిచి కూర్చుంటే తొడ వెనక కండరాలకు, తుంటి ముందువైపు కండరాలకు నిండుగా సాగే పనే ఉండదు. చెప్పుల్లేకుండా గొంతుక్కూర్చోమనండి. మడమలు నేలను వదిలేస్తే పిక్కలనో చీలమండనో అనుమానించాలి.

అపోహ: వేళ్లు పాదాలకు అందలేదంటే ఒళ్లు వంగనట్టే.
వాస్తవం: తొందరపడకండి. ఒక్కసారిగా పొడుగయ్యే వయసులో కాళ్లు ముందు పెరుగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. సిట్ అండ్ రీచ్ అంటే కాళ్లు చాపి కూర్చుని, ముందుకు వంగి చేతులు ఎంత దూరం అందుతాయో కొలిచే పరీక్ష; చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకూ అందులో అంకె తగ్గుతుంది. అంకె కంటే వంగే తీరు ఎక్కువ చెబుతుంది: మోకాళ్లు చాపి వంగినప్పుడు కటి వెనక్కే వాలిపోయి వీపు మాత్రం గూనిగా మడతపడితే, పట్టేసింది తొడ వెనకే. పక్క పిల్లతో పోల్చకండి. అదే వార్మప్ చేయించి, ఆ పిల్ల పాత అంకెతోనే పోల్చండి. ఊపుతో అందుకున్నది లెక్కలోకి రాదు.

అపోహ: బడి తెరిచాక పాత లెక్కనే పరిగెత్తించొచ్చు.
వాస్తవం: అసలు దెబ్బ ఇక్కడే. 20 మీటర్ల షటిల్ రన్, అంటే బీప్ శబ్దానికి తగ్గట్టు రెండు గీతల మధ్య అటూ ఇటూ పరిగెత్తే దమ్ము పరీక్ష, గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై, ప్రతి నిమిషానికీ గంటకు అరకిలోమీటరు చొప్పున వేగం పెరుగుతుంది. నెలల తరబడి కదలని పిల్లను మొదటి రోజే అందులో నిలబెడితే తెలిసేదేమీ లేదు, సిగ్గుపడి ఆటకే దూరమవుతుంది. పైగా ఎదిగే ఎముక చివర ఇంకా మెత్తన. భారం ఉన్నట్టుండి పెరిగితే కండరం లాగిన చోటే, అంటే మడమ వెనకో మోకాలిచిప్ప కిందో, నొప్పి మొదలవుతుంది. నిమిషం పరుగు, నిమిషం నడక, ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు. రెండు వారాలు ఇంతే. తర్వాత వారానికి ఒక్కో పరుగు కలపండి. కుంటుతుంటే ఆపి డాక్టరుకు చూపించండి.

అపోహ: స్ట్రెచింగ్ చేయిస్తే చాలు.
వాస్తవం: దమ్ము దానితో రాదు, పరుగుతోనే వస్తుంది. స్ట్రెచింగ్ ఆట అయ్యాక, కండరం వేడిగా ఉన్నప్పుడు: ఒక్కో భంగిమలో 20–30 సెకన్లు, రెండు మూడు సార్లు. లాగుతున్నట్టు తెలియాలి, మొహం చిట్లించకూడదు. వీపు మీద చెయ్యేసి నొక్కడం మాత్రం వద్దు.