బొప్పాయి చెట్టు ‘మగ’ అయిపోయిందా? ద్విలింగ చెట్ల మీద అపోహలు - వాస్తవాలు

‘మొన్నటిదాకా కాసిన చెట్టు మగదైపోయింది, కొట్టేయమంటారా?’ ఎండలు ముదిరాయంటే బొప్పాయి తోటల నుంచి వచ్చే ప్రశ్న ఇదే. అడిగేలోపే కొట్టేసినవాళ్లూ ఉంటారు. దయచేసి గొడ్డలి పక్కన పెట్టండి. ఆ చెట్టు మగది కాదు, మగదిగా మారనూ లేదు. అది ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండే ద్విలింగ చెట్టు. వేడికి తాత్కాలికంగా కాపు ఆపింది, అంతే.

బొప్పాయిలో ఆడ, మగ, ద్విలింగ అని మూడు రకాల చెట్లుంటాయని పెంచేవాళ్లందరికీ తెలుసు. తెలియనిదల్లా మూడోది ఎలా నడుచుకుంటుందన్నదే. అర్ధనారీశ్వరుడిలా కుడి సగం ఒకటి, ఎడమ సగం ఒకటి అని గీత గీసినట్టు ఉండదక్కడ. ఒకే పువ్వులో నడిమధ్య కాయగా మారే సన్నటి పొడవాటి అండాశయం, దాని చుట్టూ రెండు వరుసల్లో పుప్పొడినిచ్చే 10 కేసరాలు. ఈ రెండూ ఎప్పుడూ సమంగా ఎదగాలని లేదు. విపరీతమైన వేడి, నీటి ఎద్దడి, నత్రజని లోటు కలిసొస్తే మొగ్గ చిన్నగా ఉన్నప్పుడే అండాశయం ఎదుగుదల ఆగిపోతుంది. కేసరాలు మాత్రం మామూలుగానే తయారవుతాయి. కొన్ని వారాలకు ఆ మొగ్గ విచ్చితే చూడ్డానికి అచ్చం మగపువ్వే. పిందె పట్టదు, రాలిపోతుంది. చలి, తేమ, నత్రజని ఎక్కువైనప్పుడు అదే పువ్వు ఇంకో వైపుకు పోతుంది. కేసరాలు అండాశయానికి అతుక్కుని కాయ గోడలో కలిసిపోతాయి. గాట్లు పడి, వంకర తిరిగిన కాయలు అప్పుడే వస్తాయి. తెగులనుకుని మందు కొడతారు గానీ ఏ మందూ దాన్ని సరిచేయలేదు.

మరి అసలు మగ చెట్టును ఎలా గుర్తుపట్టాలి? పువ్వును కాదు, కాడను చూడండి. ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే సగం నష్టం తప్పుతుంది. మగ చెట్టు పూలు కొమ్మలు కొమ్మలుగా చీలిన పొడవాటి కాడకు గుత్తులుగా వేలాడతాయి. ద్విలింగ చెట్టు పూలు ఆకు మొదట్లో పొట్టి కాడ మీద ఉంటాయి. వేసవిలో వాటి అండాశయం చచ్చిపోయినా కాడ పొట్టిగానే ఉంటుంది. కాండం వైపూ ఒకసారి చూడండి. కింద కాయలుండి, పైన కొంత మేర బోడిగా ఉండి, ఆ పైన మళ్లీ పూత కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. ఆ బోడి భాగం గడిచిపోయిన ఎండల గుర్తు.

విచ్చుకోబోయే మొగ్గను బ్లేడుతో నిలువునా చీల్చి చూసినా తెలుస్తుంది. అడుగున లావుగా గుండ్రంగా అండాశయం ఉండి, పసుపు రంగు కేసరాలు ఒక్కటీ లేకపోతే ఆడ. సన్నటి పొడుగు అండాశయం, దాని పైభాగం చుట్టూ కేసరాలు ఉంటే ద్విలింగం. అండాశయం సూదిలా ఉండి కేసరాలే కనిపిస్తే అక్కడ ఆగండి. మగదైనా కావచ్చు, వేడికి దెబ్బతిన్న ద్విలింగమైనా కావచ్చు. మళ్లీ కాడ దగ్గరకే రావాలి.

ఇలాంటి చెట్టుకు ఎండాకాలంలో చేయాల్సింది కొంచెమే. తడి ఆరనివ్వకండి, అలాగని బెట్టకు వచ్చాక ఒక్కసారిగా పాదు ముంచకండి. పాదులో ఎండు గడ్డి కప్పండి. నత్రజని ఎరువును ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా వేయండి. చల్లబడిన మర్నాటి నుంచే కాయ పట్టదు. అండాశయం పోయిన మొగ్గలన్నీ విచ్చుకుని రాలేదాకా నెలన్నర, రెండు నెలలు పడుతుంది. పెట్టుబడి పెట్టి ఖాళీ చెట్టును అన్నాళ్లు చూస్తూ ఉండడం కష్టమే, ఆ ఆందోళన అర్థమవుతుంది. కానీ కొత్త మొక్క నాటితే తొలి పూతకే దాదాపు అంతకు రెట్టింపు కాలం ఆగాలి.

గింజ రంగును బట్టి, వేరు తీరును బట్టి ఆడ మొక్కలు ఏరి ఇస్తామనేవాళ్ల మాట నమ్మకండి. నల్ల గింజ, గోధుమ రంగు గింజ, నిలువు వేరు, చీలిన వేరు, వీటిలో దేనికీ లింగంతో సంబంధం లేదు. పూత రాకముందు తేల్చగలిగేది ల్యాబులో చేసే డీఎన్‌ఏ పరీక్ష ఒక్కటే.

‘ద్విలింగ కాయ గింజలు వేస్తే అన్నీ ద్విలింగమే వస్తాయి’ అన్నది ఇంకో భ్రమ. 1938లోనే హవాయిలో స్టోరీ, దక్షిణాఫ్రికాలో హాఫ్‌మేయర్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఈ లెక్క తేల్చారు. ద్విలింగ పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడితే, మొలిచే ప్రతి 3 మొక్కల్లో సగటున 2 ద్విలింగం, 1 ఆడ. మగ మొక్క రాదు. అందుకే గుంతకు ఒక్క మొక్క పెడితే 3 గుంతల్లో ఒకటి ఆడ చెట్టుతో నిండుతుంది. 3 మొక్కలు పెడితే ఆ గుంతలో కనీసం ఒక ద్విలింగ మొక్క దొరికే అవకాశం 27లో 26 వంతులు. మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం ఉంచండి. తొలిపూత చూశాక మంచి ద్విలింగ మొక్క ఒకటి ఉంచి, మిగతావాటిని నేల మట్టానికి కోసేయండి. పీకితే పెనవేసుకున్న వేళ్లతో పాటు ఉంచుకోవాల్సిన మొక్కా కదిలిపోతుంది.

ఆడ, మగ చెట్లు మాత్రమే వచ్చే రకాలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ సగం సగం వస్తాయి. 10 ఆడ చెట్లకు ఒక మగ చెట్టు తప్పకుండా ఉంచాలి. ద్విలింగ తోటలో ఆ అవసరం లేదు.

కాండంలో మేకు కొడితే, తల నరికితే మగ చెట్టు కాస్తుందా? కొన్ని మగ చెట్లు వాతావరణం మారినప్పుడు వాటంతటవే కొన్ని ద్విలింగ పూలు పూసి, పొడవాటి కాడలకు నాలుగు కాయలు వేలాడదీస్తాయి. అదే సమయానికి మేకు కొట్టినవాడు ఆ పేరు తన మేకుకు కట్టబెడతాడు. గాయంలోంచి కుళ్లు తెగులు దిగడమే మిగిలేది. ఆడ చెట్టు మాత్రం ఎండకూ చలికీ మారదు.

ద్విలింగత్వం ప్రకృతి చేసిన పొరపాటు అనేవాళ్లకు ఒక్క మాట చాలు: పూల మొక్కల్లో అత్యధికం ద్విలింగ పూలవే. మందార, టమాటా, వంగ అన్నీ అంతే. రెండూ ఉంటే జత అక్కర్లేదనీ అనుకోవద్దు, ద్విలింగ జీవి అయిన వానపాము కూడా మామూలుగా ఇంకో వానపాముతో కలిసే గుడ్లు పెడుతుంది. ఇక మనుషుల వేషం, నడక, కట్టు చూసి ఈ పూల పేర్లు తగిలించడం తప్పు. అది వేరే విషయం, ఒకరిని నొప్పించే విషయం.

సొంతంగా విత్తనం తీయాలనుకుంటే, ఎండల్లోనూ బోడి భాగం లేకుండా కాసిన ద్విలింగ చెట్టును ఎంచుకోండి. రేపు విచ్చుకుంటుందనగా మొగ్గకు బటర్ పేపర్ సంచి తొడిగి, కాడ దగ్గర దారంతో వదులుగా కట్టండి. వారానికి పిందె నిలిచిందని తేలాక సంచి తీసి, ఆ కాడకే గుర్తు కట్టండి. కాయ చెట్టు మీదే రంగు తిరిగాక కోసి, గింజల మీది జిగురు పొరను బూడిదతో రుద్ది కడిగి నీడన ఆరబెట్టండి. ఎండలో పోస్తే మొలక దెబ్బతింటుంది. సంకర రకాల నుంచి మాత్రం ఇలా తీయకండి, తర్వాతి తరంలో కాయ సైజు, రుచి చెట్టుకొక తీరుగా వస్తాయి.