పాత కంప్యూటరుకు ఏ టేపు డ్రైవు?

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు కార్యాలయాల్లోకి వెళ్తే పది పదిహేనేళ్ల నాటి కంప్యూటర్లు ఇంకా నిక్షేపంగా పనిచేస్తూ కనిపిస్తాయి. లెక్కలు, ఎగుమతి పత్రాలు, విదేశీ కొనుగోలుదార్లకు పంపిన గెలాక్సీ గ్రానైటు పలకల ఫొటోలు, క్వారీలో తీసిన వీడియోలు అన్నీ ఆ ఒక్క యంత్రంలోనే ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉంటాయి. పనిచేస్తున్న దానిని మార్చవలసిన అవసరం యజమానికి కనిపించదు. అందులో ఉన్నదంతా పోతే ఏమిటన్న దిగులు మాత్రం, పక్క ఆఫీసులో ఎవరి హార్డ్ డిస్కో మొరాయించినప్పుడో, రాన్సమ్‌వేరు వచ్చి ఎవరి ఫైళ్లకో తాళం వేసిందని విన్నప్పుడో మొదలవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు టేపు బ్యాకప్, అంటే ఫైళ్ల నకలును అయస్కాంత టేపు మీద రాసి దాచుకోవడం, మాట ఎత్తుతారు. కొత్త డ్రైవు ధర లక్షల్లో ఉందని తెలిశాక చూపు సెకండ్ హ్యాండు సరుకు మీదికి మళ్లుతుంది.

అక్కడ చాలామంది డ్రైవు ధరను బట్టి ఎంచుకుంటారు. నిజానికి ఎంపికను తేల్చవలసిన ప్రశ్నలు వేరే రెండున్నాయి. ఆ పాత కంప్యూటరు డ్రైవుకు ఎంత వేగంతో డేటా అందించగలదన్నది మొదటిది. ఇప్పుడు రాసిన టేపును రేపు ఈ డ్రైవు చెడిపోయాక మరే డ్రైవు చదవగలదన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు లేని డ్రైవు ఉచితంగా వచ్చినా ఖరీదైనదే.

టేపు అందరికీ అవసరమూ కాదు. కేవలం లెక్కల ఫైళ్లూ బిల్లులూ కలిసి నాలుగైదు గిగాబైట్లకు మించని దుకాణదారుకు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని, వారం విడిచి వారం మార్చి మార్చి వాడుకుంటూ, ఒకదానిని ఇంట్లో పెట్టుకొమ్మని చెప్పడమే సరైన సలహా. పాత సమాచారం వందల గిగాబైట్లలో ఉండి, దానిని మార్చే పని లేకుండా ఏళ్ల తరబడి దాచవలసి వచ్చినప్పుడే టేపుకు అర్థం ఉంటుంది.

టేపు గుణమంతా దాని నిర్మాణంలోనే ఉంది. పలుచని పాలిస్టరు జాతి పొర మీద అయస్కాంత గుణమున్న సన్నని లోహ కణాలను జిగురుతో పూస్తారు. డ్రైవులోని హెడ్డు ఆ కణాలను ఇటో అటో అయస్కాంతీకరించడమే రాయడం. 1952 నాటి ఐబీఎం 726 యంత్రపు టేపుకూ ఇప్పటి కాట్రిడ్జికీ, అంటే టేపు చుట్టి ఉన్న పెట్టెకూ, మూలసూత్రం ఇదే. హార్డ్ డిస్కులో డేటా ఉన్న పళ్లెమూ, దానిని తిప్పే మోటారూ, చదివే హెడ్డూ ఒకే పెట్టెలో ఉంటాయి కనుక ఒకటి చెడితే మిగిలినవీ చిక్కుల్లో పడతాయి. టేపు కాట్రిడ్జిలో మోటారు లేదు, హెడ్డు లేదు. డ్రైవు కాలిపోయినా కాట్రిడ్జి క్షేమం. పైగా అల్మారాలో ఉన్న కాట్రిడ్జిని ఏ వైరసూ అందుకోలేదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు లోపం వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమైనప్పుడు గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే.

సెకండ్ హ్యాండు సరుకులో ముందుగా ఎదురయ్యేవి మరీ పాత రకాలు. 3ఎం సంస్థ 1972లో తెచ్చిన పావు అంగుళం కాట్రిడ్జి సంతతికి చెందిన క్యూఐసీ-80 డ్రైవులు ఫ్లాపీ కేబులుకే తగిలించుకునేవి. ఒక కాట్రిడ్జిలో పట్టేది వంద మెగాబైట్ల కాస్త అటూ ఇటూ. వాటి తరువాత వచ్చిన ట్రావాన్ కుటుంబం టీఆర్-5 నాటికి 10 గిగాబైట్లకు చేరింది. వీటిని ఇంటి ముందు పెట్టి పోయినా తీసుకోవద్దు.

4 మిల్లీమీటర్ల వెడల్పుతో మొదలైన డీడీఎస్ లేదా డాట్ అనే టేపుది కొంచెం వేరే కథ. పాటల కోసం పుట్టిన డిజిటల్ ఆడియో టేపును సోనీ, హెచ్‌పీ కలిసి 1989లో డేటాకు మలిచాయి. ఇందులో హెడ్డు నిమిషానికి వేల చుట్లు తిరిగే డోలుకు అమర్చి ఉంటుంది. టేపు దాని చుట్టూ ఏటవాలుగా చుట్టుకొని మెల్లగా కదులుతుంది. 36 గిగాబైట్ల డాట్ 72, 80 గిగాబైట్ల డాట్ 160 డ్రైవులు కొన్ని యూఎస్‌బీతో వచ్చాయి కనుక పాత కంప్యూటరుకు వేరే కార్డు లేకుండానే తగిలించవచ్చు, అదే వాటి ఆకర్షణ. అయితే తిరిగే ఆ డోలు అరుగుతుంది, అరిగిన డ్రైవు రాసిన టేపును మరో డ్రైవు చదవడానికి నిరాకరించడం ఈ రకానికి పాత జబ్బు. పైగా ఈ కుటుంబం డాట్ 320తో ఆగిపోయింది. అరంగుళం టేపు వాడే డీఎల్‌టీ గట్టి సరుకే కానీ అదీ వారసులు లేని కుటుంబమే.

మిగిలింది ఎల్‌టీఓ. ఐబీఎం, హెచ్‌పీ, సీగేట్ కలిసి రూపొందించిన ఈ ప్రమాణం 2000లో 100 గిగాబైట్ల కాట్రిడ్జితో మొదలై ఇప్పటికీ కొత్త తరాలను కంటోంది. రెండో తరంలో 200, మూడో తరంలో 400, 2007లో వచ్చిన నాలుగో తరంలో 800 గిగాబైట్లు, 2010 నాటి అయిదో తరంలో ఒకటిన్నర టెరాబైట్లు పడతాయి. అట్ట మీద రెట్టింపు అంకె అచ్చు వేసి ఉంటుంది. డేటా సగానికి కుదించుకుపోతుందన్న ఊహ మీద వేసిన అంకె అది. ఫొటోలూ వీడియోలూ కెమెరాలోనే కుదించబడి ఉంటాయి కనుక వాటి విషయంలో చిన్న అంకెనే నమ్మాలి.

ఎల్‌టీఓ కాట్రిడ్జిని చేతిలోకి తీసుకొని పక్కనున్న చిన్న తలుపును వేలితో జరిపితే లోపల ఒక లోహపు పిన్ను కనిపిస్తుంది. టేపు కొస దానికే బిగించి ఉంటుంది. కాట్రిడ్జిలో ఉండేది ఒక్క చక్రమే. డ్రైవు ఆ పిన్నును పట్టుకొని టేపును బయటికి లాగి తనలోని రెండో చక్రానికి చుట్టుకుంటుంది. ఎప్పుడైనా కింద పడిన కాట్రిడ్జిలో పిన్ను ఒరిగిపోయి ఉంటే డ్రైవు దానిని అందుకోలేదు, ఒక్కోసారి లోపలే ఇరికించుకుంటుంది. పాత కాట్రిడ్జిని డ్రైవులో పెట్టే ముందు ఆ తలుపు తీసి చూడటం అరనిమిషం పని.

మూడో తరం కాట్రిడ్జిలో 680 మీటర్ల టేపు ఉంటుంది. దాని వెడల్పు అరంగుళం, మందం 8 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ అరంగుళంలోనే 704 జాడలు పడతాయి. హెడ్డు ఒకేసారి 16 జాడలు రాస్తూ కొస వరకు వెళ్లి, కొంచెం పక్కకు జరిగి, వెనక్కు వస్తూ మరో 16 రాస్తుంది. దుక్కి దున్నే ఎడ్లు గట్టు దగ్గర మళ్లి పక్క చాలు పట్టినట్టు. కాట్రిడ్జి నిండాలంటే ఇలా 44 చాళ్లు పోవాలి. అంటే హెడ్డు ముందు నుంచి దాదాపు 30 కిలోమీటర్ల టేపు సాగిపోతుంది, అది ఒంగోలు నుంచి చీమకుర్తికి ఉన్న దూరం కన్నా ఎక్కువ. సెకనుకు 80 మెగాబైట్ల పూర్తి వేగంతో ఆ 400 గిగాబైట్లు రాయడానికి గంటా ఇరవై మూడు నిమిషాలు చాలు.

చిక్కంతా ఆ పూర్తి వేగం దగ్గరే ఉంది. టేపు సాగుతున్నంత సేపూ కంప్యూటరు డేటా అందిస్తూనే ఉండాలి. అందించలేకపోతే డ్రైవు కొంతవరకు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. దానికి ఒక కనిష్ఠ హద్దుంది. అంతకన్నా తక్కువైతే టేపు ఆగాలి, ఆగే లోపు ముందుకు పోయిన మేర వెనక్కు చుట్టుకోవాలి, మళ్లీ వేగం అందుకొని ఆగిన చోటి నుంచి రాయాలి. దగ్గర కూర్చుంటే తెలుస్తుంది: ఒకే శ్రుతిలో సాగవలసిన సన్నని హోరు తెగి తెగి, టక్కుమని ఆగి, వెనక్కు గిర్రుమని, మళ్లీ మొదలవుతుంటుంది. ఇలా గంటల కొద్దీ జరిగితే బ్యాకప్ ఆలస్యం కావడమే కాక టేపూ హెడ్డూ రెండూ అరుగుతాయి. ఎక్కువ వేగమున్న డ్రైవు మంచిదన్న మామూలు లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. సెకనుకు 50, 60 మెగాబైట్లు చదవగల పాత హార్డ్ డిస్కుకు 120 మెగాబైట్ల నాలుగో తరం డ్రైవు తగిలిస్తే ఆ అదనపు వేగం దక్కదు, పైగా డ్రైవు తన కనిష్ఠ హద్దుకు దగ్గరలోనే నడవాల్సి వస్తుంది. ఆ 50, 60 కూడా పెద్ద ఫైళ్లకే. చిన్న చిన్న ఫొటోలు వేల సంఖ్యలో ఉంటే డిస్కు ముల్లు ప్రతిదాని కోసం వెతుక్కుంటూ పోవాలి కనుక వేగం ఇంకా పడిపోతుంది. దీనికి విరుగుడు చవకైనదే: ఫొటోలన్నిటినీ ముందు రెండో హార్డ్ డిస్కులో ఒకే పెద్ద ఫైలుగా మూటకట్టి, ఆ మూటను టేపుకు పంపాలి.

తగిలించే దారి దగ్గర పాత కంప్యూటర్లు రెండు రకాలుగా విడిపోతాయి. లోపల కార్డులు గుచ్చడానికి కేవలం పాత రకం పీసీఐ స్లాట్లే ఉన్న యంత్రానికి స్కజీ అనే పాత పద్ధతిలో డ్రైవును కలిపే కార్డు, 68 పిన్నుల కేబులు, కేబులు కొసన టెర్మినేటరు కావాలి. టెర్మినేటరంటే వేలెడంత ముక్క. అది లేకపోతే సంకేతాలు కేబులు కొసకు తగిలి వెనక్కు ప్రతిధ్వనించి డేటా పాడవుతుంది. చాలాసార్లు డ్రైవు పాడైందని పక్కన పడేసిన చోట లోపం ఆ ముక్క లేకపోవడమే. పాత పీసీఐ మార్గం మొత్తం సామర్థ్యం లెక్క ప్రకారం సెకనుకు 133 మెగాబైట్లు కనుక దాని మీద 40 మెగాబైట్ల రెండో తరం ఎల్‌టీఓ హాయిగా నడుస్తుంది. తరువాతి రకమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉన్న యంత్రానికైతే స్కజీకి వారసుడైన ఎస్ఏఎస్ కార్డూ, మూడో తరం ఎస్ఏఎస్ డ్రైవూ నా ఎంపిక. ఎస్ఏఎస్ డ్రైవును మదర్‌బోర్డు మీద మామూలు హార్డ్ డిస్కు తగిలించే సాటా పోర్టుకు తగిలించవచ్చనుకొని కొనేవారున్నారు, అది పనిచేయదు. పాత కంప్యూటరుకు ఉన్న ఒక సుఖమూ చెప్పుకోవాలి: సీడీ డ్రైవు పట్టే అయిదుంపావు అంగుళాల గది దానికి ఉంటుంది, లోపలే అమర్చే డ్రైవు చవక కూడా. గాలి బాగా ఆడేలా ముందు ఒక ఫ్యాను పెట్టుకోవాలి, ఈ డ్రైవులు వేడెక్కుతాయి.

తరాల విషయంలో ఏడో తరం వరకూ పాటించిన నియమం తేలికైనది. డ్రైవు తన తరాన్నీ, వెనకటి రెండు తరాల్నీ చదువుతుంది. తన తరాన్నీ, వెనకటి ఒక్క తరాన్నీ రాస్తుంది. కనుక మూడో తరం కాట్రిడ్జి మీద రాసినది మూడు, నాలుగు, అయిదు తరాల డ్రైవులన్నీ చదువుతాయి. ఈ డ్రైవు రేపు ఆగిపోతే సెకండ్ హ్యాండులో దొరికే మూడు తరాల్లో ఏదైనా పనికొస్తుందన్నమాట. రెండో తరం కాట్రిడ్జికి ఆ అవకాశం నాలుగో తరంతో ముగుస్తుంది. అందుకే స్లాటు ఉన్నంత వరకు కాస్త ఎక్కువ పెట్టయినా మూడో తరానికే పోవాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనది దుమ్ము. మూడో తరం టేపు మీద ఒక మిల్లీమీటరు పొడవులో సుమారు 9,600 బిట్లుంటాయి. అంటే ఒక్కో బిట్టు మైక్రానులో పదో వంతు. హెడ్డు టేపును దాదాపు ఆనుకునే చదవాలి. ఎడం పెరిగితే సంకేతం ఎంత పడిపోతుందో 1951లో బెల్ ల్యాబ్స్‌లో ఆర్.ఎల్. వాలెస్ సూత్రీకరించాడు: రాసిన తరంగం పొడవుకు సమానమైన ఎడం వస్తే సంకేతం సుమారు 55 డెసిబెళ్లు, అంటే 500 రెట్లకు పైగా తగ్గుతుంది. ఇక్కడ తరంగం పొడవు మైక్రానులో అయిదో వంతు. పలకలు కోసే షెడ్డు నుంచి గాలికి వచ్చే గ్రానైటు పొడిలో మైక్రాను రేణువుకు కొదవ లేదు, అది గట్టి రాతి పొడి కనుక గీతలు కూడా పెడుతుంది. ఎల్‌టీఓ డ్రైవు రాసిన వెంటనే రెండో హెడ్డుతో చదివి సరిచూసుకొని, తప్పు కనిపిస్తే ఆ భాగాన్ని మరోచోట మళ్లీ రాస్తుంది. కాబట్టి దుమ్ము చేరిన తొలి లక్షణం తప్పుల సందేశం కాదు. 400 పట్టవలసిన కాట్రిడ్జి ముందే నిండిపోవడం. డ్రైవును కోత షెడ్డుకు ఆనుకున్న గదిలో పెట్టకుండా ఒంగోలులోని ఇంట్లోనో, తలుపులు మూసిన గదిలోనో పెట్టుకోవడం మేలు. ఐబీఎం డ్రైవుల ముందు ఒకే అక్షరం చూపే చిన్న గడి ఉంటుంది. అందులో సీ అక్షరం వెలిగితే క్లీనింగు కాట్రిడ్జి పెట్టాలి. వెలగనప్పుడు పెట్టనక్కరలేదు, ఆ కాట్రిడ్జి కూడా హెడ్డును రుద్దేదే.

దీర్ఘకాలం దాచడానికి తయారీదార్లు చెప్పే వాతావరణం 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ. సముద్రపు గాలి తగిలే ఒంగోలులో మే నెల ఈ రెండు హద్దుల్నీ దాటేస్తుంది. కణాలను పట్టి ఉంచే జిగురు తేమను పీల్చి మెల్లగా విచ్ఛిన్నమవుతుంది కనుక గట్టిగా మూత పడే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, మేడ మీది గదిలో కాక ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో ఉంచాలి. ఎండలో కారులో తెచ్చిన కాట్రిడ్జిని వెంటనే వాడకుండా ఒక రోజు గదిలో ఉంచాలి.

కొనేటప్పుడు చెన్నై రిచీ స్ట్రీటు, సికింద్రాబాదు సీటీసీ ప్రాంతాల్లో పాత సర్వర్ల సామాను అమ్మేవారిని అడగవచ్చు. “లైటు వెలుగుతుందన్నా, క్యాసెట్టు లోపలికి తీసుకుంటుంది, చెక్ చేసే పంపిస్తాం” అన్న మాట పరీక్ష కింద లెక్క కాదు. ఆ డ్రైవు కాట్రిడ్జి మొత్తం ఒకసారి నింపి, తిరిగి చదివిందా అన్నదే పరీక్ష. హెచ్‌పీ డ్రైవులకు లైబ్రరీ అండ్ టేప్ టూల్స్, ఐబీఎం డ్రైవులకు ఐటీడీటీ అనే తయారీదార్ల సాఫ్ట్‌వేర్లున్నాయి. వాటితో డ్రైవు పరిస్థితిని తేల్చి చెప్పమని అడగాలి. అయస్కాంతంతో శుభ్రంగా చెరిపేశామని చెప్పే పాత కాట్రిడ్జిలను ముట్టుకోకూడదు. హెడ్డుకు దారి చూపే సర్వో గుర్తులను ఫ్యాక్టరీలోనే టేపు మీద రాస్తారు. అవి కూడా చెరిగిపోతే ఏ డ్రైవూ తిరిగి రాయలేదు, ఇక ఆ కాట్రిడ్జి చెత్తబుట్టకే.

విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన బ్యాకప్ ప్రోగ్రాము టేపు మీద రాసేది, విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ ఆ వసతి తీసేసింది. అందుకని పాత యంత్రంలో విండోస్ బదులు లినక్సు పెట్టి టార్ అనే ప్రోగ్రాముతో రాయడం నాకు నచ్చిన దారి. 1979 నాటి యూనిక్స్‌లోనే ఉన్న ఈ ప్రోగ్రాము టేపు కోసమే పుట్టింది, ఇప్పటికీ దాదాపు ప్రతి కంప్యూటరులో దొరుకుతుంది. రాయడం పూర్తయ్యాక కాట్రిడ్జి మీది ఎర్రటి మీటను మూసిన వైపుకు జరిపితే దాని మీద మళ్లీ రాయడం కుదరదు. రాసిన టేపు నుంచి కొన్ని ఫైళ్లను వేరే ఫోల్డరులోకి దించి, తెరిచి చూడాలి. లేబులు మీద తేదీతో పాటు ఏ తరం డ్రైవుతో రాశారో, ఏ ప్రోగ్రాముతో రాశారో, బ్లాకు (ఒక్కో విడతలో టేపుకు పంపే డేటా ముక్క) పరిమాణం ఎంత ఇచ్చారో బాల్ పెన్నుతో రాయాలి. బ్లాకు పరిమాణం తెలియక చదవలేకపోయిన టేపు పాడైన టేపులాగానే కనిపిస్తుంది.