కదలని తేదీ

మల్కాజిగిరి, హైదరాబాద్

పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "రికర్షన్ రాసినప్పుడల్లా ప్రోగ్రాం పడిపోతోంది తాతయ్యా, టెన్షన్‌గా ఉంది" అన్నారు కదా. రికర్షన్ అంటే ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఒక పని చేసే కోడ్ ముక్క, తనను తానే మళ్లీ పిలుచుకోవడం. అలాంటి చోటే నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వని బగ్ ఒకటి చెబుతాను.

అప్పట్లో మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో క్యాలెండర్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. ఒకాయన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కోసం "ప్రతి నెలా 31న" అని రిమైండర్ పెట్టుకున్నాడు. జనవరి గడిచింది. ఆ తర్వాతి తేదీ వెతకబోయి ప్రోగ్రాం కుప్పకూలింది. ఎర్రర్ చూస్తే స్క్రీన్ నిండా ఒకటే ఫంక్షన్ పేరు. ఫంక్షన్ తనను తాను పిలుచుకుంటూ పోతే పైథాన్ మామూలుగా వెయ్యి పిలుపుల దాకా ఓర్చుకుంటుంది, ఆపైన ఆపేస్తుంది.

కోడ్ ఎంత చదివినా తప్పు కనబడలేదు. చివరికి ఫంక్షన్ మొదట్లో ఒక ప్రింట్ లైన్ పెట్టాను. జనవరి 31. జనవరి 31. జనవరి 31. ఫిబ్రవరిలో 31 లేదని తెలిశాక ఫంక్షన్ తనను తాను మళ్లీ పిలుచుకుంటోంది. అది సరే. కానీ మార్చి చూడమనకుండా పాత తేదీనే చేతిలో పెట్టి పంపుతోంది! అడిగిందే అడిగితే జవాబు మాత్రం ఎలా మారుతుంది?

పక్క సీటు అమ్మాయి "28కి జరిపేద్దాం సార్" అంది. అలా జరిపితే అక్కడి నుంచి మార్చి 28, ఏప్రిల్ 28 అంటూ పోతుంది, 31 ఇక రానే రాదు. అందుకని రికర్షన్ తీసేసి, మొదలుపెట్టిన తేదీ నుంచే ఒక నెల, రెండు నెలలు అని లెక్కపెట్టే లూప్, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్, రాశాం. లేని తేదీ వస్తే వదిలేసి ముందుకు పోవడమే. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్లు తేదీలు ఇచ్చిపుచ్చుకోవడానికి పాటించే 2009 నాటి ఐక్యాలెండర్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సి 5545, చెప్పేదీ అదే. ఆ లెక్కన 31 ఏడాదికి ఏడుసార్లే వస్తుంది.

మరి ఎవరైనా "ప్రతి ఏటా ఫిబ్రవరి 30" అని పెడితే? లూప్ కదులుతూనే ఉంటుంది, తేదీ మాత్రం దొరకదు. ఎక్కడో హద్దు పెట్టాలి. ఐదేళ్లు చాలనుకున్నాం. తర్వాత ఫిబ్రవరి 29 గుర్తొచ్చింది. 2100 లీపు సంవత్సరం కాదు, కాబట్టి 2096 తర్వాత మళ్లీ 2104లోనే ఆ తేదీ. నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్ 400 ఏళ్లకు వారాలతో సహా మొదటికొస్తుంది. 1,46,097 రోజులు, ఏడుతో భాగించి చూడండి, శేషం ఉండదు. ప్రతి ఏటా రావాల్సిన తేదీ 400 ఏళ్లలో దొరకలేదంటే ఇక లేనట్టే. హద్దు అక్కడే పెట్టాం.

మన చిట్టి పుట్టింది 2024 ఫిబ్రవరి 29న. మీ ప్రోగ్రాంలో దాని పుట్టినరోజు పెట్టి, 72 నిండాక నేరుగా 80కి వెళుతుందో లేదో చూసి ఫోన్ చేయండి.

మీ తాతయ్య