గట్టు ఒక్కటే, దారే ముక్కలు: రాజమండ్రి గోదావరి తీరం ఇలా ఎందుకుంది?

రాజమండ్రి చూడ్డానికి వచ్చినవాళ్లు పుష్కర ఘాట్‌లో మునిగి, ఒడ్డున కాసేపు కూర్చుని, ఆ తర్వాత ఆటో మాట్లాడుకుంటారు. గౌతమీ ఘాట్ దగ్గర ఇస్కాన్ గుడి, ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం, ఓపికుంటే కడియం నర్సరీలు. ఇందులో కడియం ఒక్కటే నది ఒడ్డున లేదు. అది కూడా ధవళేశ్వరం దగ్గర గోదావరిలోంచి పుట్టిన కాలవ నీళ్ల మీద బతికే ఊరే. అంటే చూడాల్సినవన్నీ ఒకే నీటి వెంట వరసగా ఉన్నాయి. ఆటో మాత్రం ఊళ్లోకి వెళ్లి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మళ్లీ ఇంకోచోట ఒడ్డుకు తేలుతుంది. అలా రోజంతా తిరిగినవాళ్లకు గోదావరి నాలుగైదు చోట్ల కనిపిస్తుంది, మధ్యలో మాయమవుతుంది.

ఇది ఎవరో ఒకరు చేసిన తప్పు కాదు. ఈ ఒడ్డును నూటడెబ్బై ఏళ్లుగా నలుగురైదుగురు, ఎవరి అవసరానికి వాళ్లు కట్టుకుంటూ వచ్చారు. ఇరిగేషన్‌కు అది వరద గట్టు. రైల్వేకు బ్రిడ్జి ఆనే చోటు. దేవాదాయ శాఖకు గుళ్లు, మున్సిపాలిటీకి మెట్లు, టూరిజంకు బోటు ఆగే రేవు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు సాగిన ఈ వ్యవహారంలో, ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి వెళ్లే దారి ఎవరి ఖాతాలోనూ పడలేదు.

నిజానికి ఈ ఊరు ఒకప్పుడు నదికి మొహం పెట్టే ఉండేది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. మనం దాన్ని పొలాలకు నీళ్లిచ్చిన పనిగానే గుర్తుపెట్టుకున్నాం. డెల్టా కాలవలు పడవలు నడవడానికి కూడా తవ్వినవే. లాకులు దాటుకుంటూ ధాన్యం, కొబ్బరి, సున్నం, మనుషులు అందులోనే ప్రయాణం చేసేవారు. ఇటు కాకినాడ వైపు, అటు ఏలూరు మీదుగా బెజవాడ దాకా నీటి దారి ఉండేది. ఎగువన భద్రాచలం అడవుల నుంచి కలప, వెదురు తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రిలో ఒడ్డుకు చేర్చేవారు. ఇక్కడ కలప వ్యాపారం, తర్వాత కాగితం మిల్లు పెరగడానికి అదొక కారణం.

రైలు వచ్చాక కూడా కొన్నాళ్లు నదిదే పైచేయి. అటు కొవ్వూరు దాకా, ఇటు రాజమండ్రి దాకా పట్టాలు పడ్డాయి గానీ మధ్యలో గోదావరి ఉంది. ఆ లోటు తీర్చడానికి 1897లో మొదలై 1900 ఆగస్టులో పూర్తయింది హేవలాక్ బ్రిడ్జి. అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు. 56 స్పాన్లు, మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవు, ఒకే లైను. రైలు కోసం కట్టింది కాబట్టి మనుషులు, బండ్లు నది దాటాలంటే ఇంకా లాంచీలు, పంట్లే దిక్కు. కొవ్వూరు రేవు, రాజమండ్రి రేవు రోజూ తిరునాళ్లలా ఉండేవని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. వీరేశలింగం పంతులు తిరిగిన వీధులు, టౌన్ హాలు, ఆ తర్వాత వచ్చిన దామెర్ల రామారావు చిత్రశాల, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఇవన్నీ ఒడ్డుకు అంత దూరంలో లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఊరికి ముఖద్వారం రేవే.

1974లో రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి తెరిచారు. పైన బస్సులు, కింద రైళ్లు. జనానికి ఎంత హాయో మాటల్లో చెప్పలేం. లాంచీ కోసం ఎదురుచూపులు పోయాయి, వరదొస్తే రాకపోకలు ఆగిపోవడం పోయింది. ఒడ్డుకు మాత్రం ఆ రోజు నుంచి పని తగ్గిపోయింది. రేవు కొట్లు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. బస్సు దిగినవాడు కోటిపల్లి బస్టాండు వైపు పోతాడు గానీ గట్టు మీదికి ఎందుకు వస్తాడు? టూరిజం గురించి మాట్లాడేటప్పుడు ఈ మలుపును ఎవరూ పట్టించుకోరు గానీ, నా లెక్కలో ఊరు నదికి వీపు తిప్పింది అప్పుడే.

ఆ తర్వాత ఒడ్డును పట్టించుకున్నది వరద భయమే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను ఈ జిల్లాలో ఆ తరం వాళ్లెవరూ మరిచిపోలేదు. ఇవాళ్టికీ జులై, ఆగస్టుల్లో ఇళ్లలో మొదటి మాట "బ్యారేజీ దగ్గర ఎంతుంది?" అనే. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలు తెలియని పిల్లలు కూడా ఉండరు. మూడో నంబరు పడితే నది మధ్య దీవుల్లాంటి లంకల్లో వాళ్లు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాల్సిందే. అలాంటి నది పక్కన గట్టును ఎత్తు చేయడం, రాయి పేర్చడం, రిటైనింగ్ వాల్ కట్టడం తప్పనిసరి. ఆ గోడలు ఊరిని కాపాడాయి. నది కనిపించకుండా కూడా చేశాయి. గట్టు ఇంజినీరును అడిగితే, దాని మీద జనం షికారు చేయడం ఆయన పనుల జాబితాలో లేదంటాడు, అది నిజమే.

మిగిలింది పుష్కరాలు. మామూలుగా మనం ఎప్పుడో గానీ జరగని పనిని పుష్కరానికోసారి అంటాం. రాజమండ్రి ఒడ్డుకు డబ్బు వచ్చేది అచ్చం అలాగే. గురుడు సింహరాశిలో అడుగుపెట్టే ఏడాది, పన్నెండేళ్లకోసారి: 1991, 2003, 2015. ఏడాది ముందు నుంచీ హడావుడి మొదలవుతుంది. టెండర్లు, సిమెంటు లారీలు, రాత్రింబవళ్లు పని. స్నానానికి వచ్చేవాడికి ఏం కావాలో అది కడతారు, అంటే నీళ్లలోకి దిగే మెట్లు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, లైట్లు. ప్రతి ఘాట్‌కూ ఊళ్లోంచి ఒక రోడ్డు, ఒక పార్కింగ్. కోటిలింగాల ఘాట్‌ను 2015కు కిలోమీటరు పొడవునా విస్తరించారు. చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఈ ఏర్పాటంతా ఊరి నుంచి నీళ్లలోకి దింపే ఏర్పాటు. నీటి వెంట పక్కకు నడిపించే ఏర్పాటు కాదు. ఒక ఘాట్ చివర నిలబడి పక్క ఘాట్ ఎటు అని అడిగితే, వెనక్కి వెళ్లి రోడ్డెక్కమంటారు.

ఈ లోపం సౌకర్యానికి సంబంధించింది మాత్రమే కాదని 2015 జులై 14న తెలిసింది. పుష్కరాల మొదటి రోజు ఉదయం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. దాని మీద విచారణ కమిషన్ వేశారు, కారణాల మీద రాజకీయ వాదోపవాదాలు నడిచాయి, వాటి జోలికి నేను పోను. ఒక్క విషయం మాత్రం ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారు. అన్ని కిలోమీటర్ల ఒడ్డు ఉన్నా, పుణ్యమంతా ఆ పేరున్న ఘాట్‌లోనే ఉందన్నట్టు జనం అక్కడికే వచ్చారు. వచ్చినవాళ్లను ఒడ్డు వెంట అటూ ఇటూ సర్దే దారి సరిగ్గా లేదు. టూరిస్టు కోసం అడిగే దారి, పుష్కరాల్లో ప్రాణాలు కాపాడే దారి వేరువేరు కావు.

నీటి మీద దారి సంగతీ అంతే. పాపికొండల బోటంటే ఒకప్పుడు రాజమండ్రి రేవులోనే ఎక్కేవారు. తెల్లారకముందే లేచి, టిఫిన్ బోటులోనే. తర్వాత తర్వాత ఎగువన పట్టిసీమ, పురుషోత్తపట్నం వైపు ఎక్కించడం అలవాటైంది. పోలవరం పనులు మొదలయ్యాక గండి పోచమ్మ గుడి దగ్గరికి మారింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర పర్యాటకుల బోటు మునిగి 50 మంది దాకా పోయారు. బోట్లు ఆపేశారు, కంట్రోల్ రూములు పెట్టారు, 2021 చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. జాగ్రత్తలు పెరగడం మంచిదే. దీని ఫలితం ఊరికి మాత్రం ఏమిటంటే, పాపికొండలు వెళ్లేవాడికి రాజమండ్రి ఇప్పుడు రైలు దిగి వ్యాను ఎక్కే స్టేషన్. రాత్రి లాడ్జిలో పడుకుంటాడు, పొద్దున్నే వెళ్లిపోతాడు. సాయంత్రం గోదావరి హారతి చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు.

ఇక హేవలాక్ బ్రిడ్జి. కమాన్ల కొత్త బ్రిడ్జి వచ్చాక 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. ఆ కమాన్ల బ్రిడ్జే ఇప్పుడు ఊరికి గుర్తు. క్యాలెండర్లు, స్వీటు డబ్బాలు, పెళ్లి వీడియోలు, అన్నిట్లో అదే. దాని పక్కనే పాత బ్రిడ్జి గడ్డర్లు తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. రైల్వే ఇనుము ధర చూసింది, రాష్ట్రం టూరిజం చూసింది, బేరం ఏళ్లకేళ్లు సాగింది. ఈలోగా ప్రతి ఎన్నికలకూ ఒక బొమ్మ వచ్చింది. బ్రిడ్జి మీద తోటలు, దుకాణాలు, గాజు నేల, ఇలా ఎవరి ఊహ వాళ్లది. ఆ బొమ్మలన్నీ వరసగా అంటించి పెడితే అదే ఒక మ్యూజియం అయ్యేది.

2025 జూన్ 26న "అఖండ గోదావరి" పేరుతో శంకుస్థాపన జరిగింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ వచ్చారు. మొత్తం రూ.94.44 కోట్లు. పెట్టుబడి పనుల కోసం రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని అప్పు పథకం కింద ఈ డబ్బు వస్తుంది. హేవలాక్ బ్రిడ్జి, పుష్కర ఘాట్, నది మధ్యలో ఉన్న బ్రిడ్జి లంక, కడియం నర్సరీలు, నిడదవోలు కోట సత్తెమ్మ గుడి ఇందులో ఉన్నాయి. విడివిడి ఘాట్ల పేర్లు కాకుండా ఇన్ని చోట్లను ఒకే ప్రాజెక్టులో పెట్టడమే ఇందులో నాకు నచ్చింది. మళ్లీ 2027లో పుష్కరాలు. అంటే పన్నెండేళ్ల డబ్బు, టూరిజం డబ్బు ఈసారి దాదాపు ఒకేసారి ఒడ్డుకు చేరుతున్నాయి.

కాకపోతే జాబితాలో చోట్లు ఉన్నంత మాత్రాన వాటి మధ్య దారి ఉన్నట్టు కాదు. అహ్మదాబాద్‌లో సబర్మతి పక్కన రెండు వైపులా పదకొండు కిలోమీటర్లకు పైగా నడకదారి వేశారని మనవాళ్లు తరచూ ఉదాహరణ చెబుతారు. అక్కడ నదిలో ఏడాది పొడవునా కనిపించే నీళ్లు నర్మద కాలవ నుంచి వదిలినవి, మట్టం చేతిలో ఉంటుంది. గోదావరి మట్టం ఎవరి చేతిలోనూ ఉండదు. ఏప్రిల్‌లో ఇసుక తిన్నెలు కనిపించే చోటే ఆగస్టులో సముద్రంలా ఉంటుంది. కింది మెట్ల మీద వేసిన ఏ దారైనా ప్రతి వానాకాలం ఒండ్రు కింద పడుతుంది, నీళ్లు తగ్గాక ఎవరో ఒకరు కడగాలి. ఆ కడిగే మనిషి జీతం ఏ డీపీఆర్‌లో, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదికలో, ఉందో ముందు చూడాలి. 2015లో వేసిన పలకలు, పెట్టిన లైట్ల స్తంభాలు ఆ తర్వాత ఏ స్థితికొచ్చాయో ఊళ్లో అందరికీ తెలుసు.

నల్లా ఛానల్, ఆవ ఛానల్ మాటెత్తకుండా ఈ కథ పూర్తికాదు. ఊరి మురుగంతా మోసుకొచ్చి నదిలో కలిపేవి ఇవే. ఒడ్డు వెంట నడకదారి వేయాలంటే మురుగు కలిసే చోట్లను దాటి వెళ్లాలి. నడిచేవాడు ముక్కు మూసుకుని దాటితే రెండోసారి రాడు. ఈ కాలవల నీళ్లు శుద్ధి చేసి వదలడం టూరిజం పద్దులో కనిపించదు, అయినా ఒడ్డు మీద జనం నడుస్తారా లేదా అన్నది తేల్చేది అదే.

ఒక అడ్డు మాత్రం పెద్దగా చప్పుడు లేకుండా తొలగింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పటి నుంచి నదికి అటు ఒడ్డు ఒక జిల్లా, ఇటు ఒడ్డు ఇంకో జిల్లా. కొవ్వూరు గోష్పాద క్షేత్రం రాజమండ్రి ఒడ్డు నుంచి కళ్లెదురుగా కనిపించినా, దాని ఫైలు ఏలూరులో, రాజమండ్రి ఫైలు కాకినాడలో తిరిగేవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో కలిశాయి, రాజమండ్రి జిల్లా కేంద్రమైంది. రెండు ఒడ్లకూ ఇప్పుడు ఒకే కలెక్టరు. హేవలాక్ మీద నడక మొదలైతే గోదావరి స్టేషన్ దగ్గర ఎక్కినవాడు కొవ్వూరులో దిగి గోష్పాదం రేవుకు వెళ్లగలడు, వచ్చేటప్పుడు పడవలో రాగలడు. బ్రిడ్జిని సగం దూరం దాకానే అలంకరించి బ్రిడ్జి లంక దగ్గర ఆపేస్తారా, కొవ్వూరు దాకా తీసుకెళ్తారా అన్నది తేలాల్సి ఉంది.