అంటువ్యాధి రోజుల్లో బస్సు ఎవరి కోసం నడవాలి? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో బస్సు సర్వీసుల వేళలు కూర్చే పనిలో ఉన్నవాడిగా, 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి కొన్ని మాటలను అధికారుల సమావేశాల్లోనూ, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి టీ కొట్టులోనూ ఒకే తీరుగా వింటూ వస్తున్నాను. ఆ ఏడాది మే 21న ఆర్టీసీ బస్సులు పరిమిత సంఖ్యలో తిరిగి రోడ్డెక్కాయి, తర్వాత ఆంక్షలన్నీ ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. అయితే వాటి వెనుక ఉన్న అభిప్రాయాలు మాత్రం అలాగే ఉన్నాయి. మరో అంటువ్యాధి వచ్చినప్పుడు వాటి మీదే నిర్ణయాలు జరిగే అవకాశం ఉంది కాబట్టి, ముఖ్యమైనవి కొన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ప్రయాణికులు తగ్గినప్పుడు అన్ని రూట్లలోనూ సగం ట్రిప్పులు తీసేస్తే అందరికీ సమన్యాయం జరుగుతుంది.

వాస్తవం: లెక్కలో సమానంగా కనిపించే ఈ కోత బతుకులో సమానంగా పడదు. పావుగంటకొక బస్సు ఉన్న రూట్లో సగం తీసేస్తే అరగంటకొకటి వస్తుంది. ప్రయాణికుడు కాస్త విసుక్కుంటాడు, అంతే. రోజుకు రెండే ట్రిప్పులున్న ఊరికి సగం తీసేస్తే, పొద్దున్న వెళ్లినవారికి సాయంత్రం తిరిగి రావడానికి దారే ఉండదు.

మన జిల్లాలో దీనికి ఉద్దానాన్ని మించిన ఉదాహరణ లేదు. ఉద్దానంగా పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ముదిరినవారికి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరగాలి. ఊరంతా ఇంటిపట్టున ఉండాలని ప్రభుత్వం చెప్పినా వీరు ఉండలేరు; వెళ్లేటప్పుడు తోడుగా ఒక మనిషి కూడా కావాలి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరికి వచ్చిన మాట నిజమే గాని, డయాలసిస్ ముగించుకుని నీరసంగా బయటికి వచ్చిన మనిషికి ఆ వేళకు బస్సు లేకపోతే ఆ దగ్గరితనం సగమే అక్కరకు వస్తుంది. కాబట్టి ట్రిప్పులు తగ్గించక తప్పనప్పుడు, ఊరికి ఏకైక ఆధారమైన ట్రిప్పును అన్నిటికన్నా చివర ముట్టుకోవాలని, ఆసుపత్రి షిఫ్టులు ముగిసే వేళను చూసి తిరుగు ప్రయాణపు బస్సును కుదర్చాలని నా అభిప్రాయం. శాన్ ఫ్రాన్సిస్కో నగర రవాణా సంస్థ 2020 ఏప్రిల్‌లో ఇటువంటి పనే చేసింది: చాలా మార్గాలను పూర్తిగా నిలిపివేసి, వేరే గత్యంతరం లేనివారు అత్యవసర పనులకు వెళ్లే మార్గాలను మాత్రం కొనసాగించింది.

అపోహ: ఓఆర్ (బస్సులో సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క) తక్కువగా ఉందంటే ఆ బస్సు ఎవరికీ అవసరం లేదని అర్థం.

వాస్తవం: కండక్టర్ చేతిలోని టిమ్ (టికెట్లు ఇచ్చే యంత్రం) ఎక్కినవారిని మాత్రమే లెక్కిస్తుంది, స్టాపులో నిలబడి విసిగి ఇంటికి పోయినవారు దానికి కనపడరు. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం కింద ఇస్తున్న సున్నా ఛార్జీ టికెట్ల వల్ల మహిళలు ఎక్కడెక్కడ ఎక్కుతున్నారో తెలుసుకునే వీలు బాగా పెరిగింది, కానీ ఆ సమాచారానికీ ఇదే పరిమితి ఉంది. తెల్లవారకముందే పట్టణానికి చేరవలసిన పారిశుధ్య కార్మికురాలికి ఆ వేళకు బస్సే లేకపోతే, ఆమె ప్రయాణం ఏ లెక్కలోకీ రాదు. ఆమె గురించి తెలియాలంటే మున్సిపల్ మేస్త్రీని అడగాలి, ఆసుపత్రి హాజరుపట్టీ చూడాలి, ఆశా కార్యకర్తతో మాట్లాడాలి. కంప్యూటర్ ముందు కూర్చుని చేయగలిగే పని కాదిది.

అపోహ: బస్సు లోపల క్రిమిసంహారక మందు చల్లితే ప్రయాణం సురక్షితమవుతుంది.

వాస్తవం: కోవిడ్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపించింది. 2020 జనవరిలో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఒక ప్రార్థనా కార్యక్రమానికి వెళ్లిన బస్సులో, వ్యాధి సోకిన ఒక వ్యక్తితో కలిపి 68 మంది ప్రయాణించగా, ఆ వ్యక్తితో సహా 24 మందికి వ్యాధి నిర్ధారణ అయింది. ఆ బస్సులో లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరిగింది, దూరపు సీట్లలో కూర్చున్నవారికీ సోకింది; తెరుచుకునే కిటికీల పక్కన కూర్చున్నవారిలో మాత్రం దాదాపు అందరూ తప్పించుకున్నారు. ఈ లెక్కన ఏసీ బస్సు కంటే కిటికీలు తెరిచిన పల్లెవెలుగే మేలు, వాన కురిసి అద్దాలు మూసేవరకైనా. చేతులు పట్టే కడ్డీలను తుడవడం మంచిదే. మనుషుల మీద మందు చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది.

అపోహ: సగం సీట్లు ఖాళీగా ఉంచితే సమస్య తీరుతుంది.

వాస్తవం: ట్రిప్పులు పెంచకుండా సీట్లు మాత్రమే తగ్గిస్తే, మిగిలినవారు ఇళ్లకు తిరిగిపోరు, షేర్ ఆటోల్లో కిక్కిరిసి కూర్చుంటారు. పైడిభీమవరం ఔషధ పరిశ్రమల్లో పనిచేసే రోజుకూలీకి షిఫ్టు తప్పితే ఆ రోజు కూలి పోతుంది. సగం సీట్లతో అంతమందినీ చేర్చాలంటే ఆ షిఫ్టు వేళకు రెట్టింపు బస్సులు కావాలి. అందుకు డ్రైవర్లు, కండక్టర్లు ఆరోగ్యంగా ఉండాలి. వారి రక్షణను సంక్షేమ కార్యక్రమంగా చూడటం నాకు నచ్చదు, అది సర్వీసు నడవడానికి మొదటి షరతు. కండక్టర్ రద్దీలో తిరగకుండా కిందనే టికెట్లు ఇచ్చే గ్రౌండ్ బుకింగ్ పద్ధతి ఇందుకు బాగా పనికివస్తుంది.

అపోహ: నగదు మానేసి అందరూ ఫోన్‌లో టికెట్ కొనుక్కోవాలి.

వాస్తవం: చేపల తట్టతో బస్సెక్కే మత్స్యకార మహిళకు ఈ నిబంధన తలుపు మూయడమే. ఫోన్ ఉన్నవారు ఫోన్‌తో చెల్లించవచ్చు, లేనివారి నోటు తీసుకోవాలి.

అపోహ: ప్రజా రవాణా ప్రణాళిక అంటే ఆర్టీసీ బస్సుల ప్రణాళిక.

వాస్తవం: శ్రీకాకుళం పట్టణంలో ఏడు రోడ్ల జంక్షన్‌కో, డే అండ్ నైట్ జంక్షన్‌కో వెళ్లాలన్నా, ఆమదాలవలసలోని రైల్వే స్టేషన్‌కు చేరాలన్నా జనం ఎక్కువగా ఆశ్రయించేది ఆటోలనే. ఆటోలో ముగ్గురే ఎక్కాలని నిబంధన పెడితే, డ్రైవర్ మిగిలినవారి ఛార్జీని కూడా ఆ ముగ్గురి మీదే వేస్తాడు. వేయకపోతే డీజిల్ ఖర్చు కూడా రాదు. ఆ తేడాను ప్రభుత్వం భరిస్తుందా, కనీసం ఆసుపత్రి రూట్లలోనైనా భరిస్తుందా అన్నది అంటువ్యాధి రాకముందే ఆటో యూనియన్లతో కూర్చుని, రాతపూర్వకంగా తేల్చుకోవాలి.